రంగుల బొమ్మకు ముందు చేతిలెక్క: గుండె ధమనుల్లో రక్తప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే విధానం

ఎంటెక్ ప్రాజెక్టుగా గుండె ధమనుల్లో రక్తప్రవాహాన్ని ఎంచుకున్న విద్యార్థుల నోట తరచూ ఒకే కథ వింటాను. మొదటి వారంలో సాఫ్ట్‌వేర్ దించుకుంటారు. రెండో వారంలో ఎరుపు, నీలం రంగులతో ముచ్చటైన బొమ్మ తెరమీదికి వస్తుంది. మూడో వారంలో ఆ ఎరుపు ఎంత పీడనానికి గుర్తో, ఆ పీడనం సబబైనదో కాదో చెప్పలేక ఆగిపోతారు. లోపం వారి తెలివిలో లేదు, పనిని చివరి నుంచి మొదలుపెట్టడంలో ఉంది. ఈ పనిలో అన్నిటికంటే తేలికైనది సాల్వర్‌ను, అంటే ప్రవాహ సమీకరణాలను లెక్కించే ప్రోగ్రామ్‌ను, నడపడం. ధమని ఆకారాన్ని ఎంత నిజంగా గీశామన్నదీ, దాని చివరల్లో ఏ షరతులు పెట్టామన్నదీ ఫలితాన్ని నిర్ణయిస్తాయి; ఆ ఫలితం నమ్మదగినదా అన్నది కాగితం మీద ముందే వేసుకున్న లెక్క చెబుతుంది. విశాఖలో ఉన్న ఒక విద్యార్థి, ఉచితంగా దొరికే సాధనాలతో, మామూలు డెస్క్‌టాప్ మీద, ఒక ధమనిలోని ఒక బ్లాక్‌ను మొదటినుంచి చివరిదాకా లెక్కించడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

ఏం లెక్కించబోతున్నాం

రక్తం ఎలా పారుతుందన్నది ప్రాజెక్టుకు తగిన ప్రశ్న కాదు, అది మరీ విశాలమైనది. యాంజియోగ్రామ్‌లో ఒక బ్లాక్ కనిపించినప్పుడు దానివల్ల గుండె కండరానికి అందే రక్తం నిజంగా తగ్గుతోందా అన్నది తగిన ప్రశ్న. డాక్టర్లు దీనికి జవాబు వెతకడానికి పీడనాన్ని కొలిచే సన్నని తీగను ధమనిలోకి పంపి, అడినోసిన్ అనే మందు ఇచ్చి ప్రవాహాన్ని గరిష్ఠానికి తెచ్చి, బ్లాక్‌కు దిగువనున్న పీడనాన్ని మహాధమనిలోని పీడనంతో భాగిస్తారు. ఆ నిష్పత్తినే ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్ అని, పొట్టిగా ఎఫ్ఎఫ్ఆర్ అని అంటారు. నికో పైల్స్ బృందం 1996లో దీని ఉపయోగాన్ని చూపినప్పుడు హద్దు 0.75గా ఉండేది, ఇప్పుడు 0.80 లేదా అంతకు తక్కువైతే బ్లాక్‌ను ముఖ్యమైనదిగా లెక్కలోకి తీసుకుంటున్నారు. కంటి అంచనాతో స్టెంట్ వేయడం కంటే ఈ నిష్పత్తి చూసి వేస్తే స్టెంట్లూ తగ్గుతాయి, ఏడాదిలోపు వచ్చే చిక్కులూ తగ్గుతాయని 2009లో వెలువడిన ఫేమ్ పరిశోధన చూపింది.

గరిష్ఠ ప్రవాహం ఎందుకు కావాలో అర్థం చేసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. లాన్స్ గౌల్డ్ 1974లో కుక్కల ధమనులను క్రమంగా బిగించి చూసినప్పుడు, వ్యాసం దాదాపు 85 శాతం మూసుకుపోయేదాకా విశ్రాంతి ప్రవాహం తగ్గలేదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం అంతకు చాలా ముందే తగ్గడం మొదలైంది. దిగువనున్న సూక్ష్మనాళాలు వదులై లోటును పూడ్చడమే దీనికి కారణం. కాబట్టి విశ్రాంతి ప్రవాహంతో సిమ్యులేషన్ చేసి బ్లాక్ ప్రమాదం లేనిదని తేల్చడమంటే, ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి గొట్టంలో అడ్డేమీ లేదని చెప్పడం లాంటిది. సీటీ స్కాన్ నుంచి ఈ నిష్పత్తిని లెక్కించే పద్ధతి ప్రయోగశాల దాటి వైద్యంలోకి కూడా వచ్చింది. హార్ట్‌ఫ్లో సంస్థ పద్ధతికి అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2014 నవంబరులో అనుమతి ఇచ్చింది.

కంప్యూటర్ తెరవకముందు

ఎడమ ధమని నుంచి గుండె ముందు వైపున దిగే ప్రధాన శాఖను, డాక్టర్లు ఎల్ఏడీ అని పిలిచేదాన్ని, ఉదాహరణగా తీసుకుందాం. వ్యాసం 3 మి.మీ. అనుకుందాం. మధ్యలో 10 మి.మీ. పొడవున అది 1.5 మి.మీ.కు సన్నబడింది. రక్తం సాంద్రత ఘనపు మీటరుకు 1060 కిలోలు, స్నిగ్ధత (చిక్కదనం) 0.0035 పాస్కల్ సెకను. విశ్రాంతిలో సెకనుకు 1 మి.లీ., గరిష్ఠంగా 3 మి.లీ. రక్తం పారుతుందని, మహాధమనిలో సగటు పీడనం 90 పాదరస మిల్లీమీటర్లని ఊహిద్దాం.

పీడన నష్టంలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఇరుకులో రాపిడి వల్ల పోయేది. పాజువా సూత్రం ప్రకారం ఇది వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. గరిష్ఠ ప్రవాహానికి ఈ నష్టం 845 పాస్కళ్లు, అంటే 6.3 పాదరస మిల్లీమీటర్లు. రెండోది ఇరుకు దాటిన రక్తం విశాలమైన భాగంలోకి చిమ్మినప్పుడు సుడుల్లో పోయే శక్తి. ఇరుకులో వేగం సెకనుకు 1.70 మీటర్లు, బయట 0.42, ఈ రెండింటి తేడాను వర్గం చేసి సాంద్రతలో సగంతో గుణిస్తే 859 పాస్కళ్లు, అంటే 6.4 మిల్లీమీటర్లు వస్తాయి. మొత్తం సుమారు 12.8 మిల్లీమీటర్లు, నిష్పత్తి 0.86. ఇరుకైన గొట్టాలపై చేసిన ప్రయోగాలను బట్టి రెండో భాగాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలని యంగ్, సాయ్ 1973లో సూచించారు. అలా చేస్తే 0.82 వస్తుంది. కంప్యూటర్ చెప్పే జవాబు ఈ రెండింటి పరిసరాల్లోనే ఉండాలి. 0.4 అనో 0.99 అనో వస్తే తప్పు మీ ఫైల్లోనే ఉంది.

విశ్రాంతి ప్రవాహానికి ఇదే లెక్క వేస్తే నష్టం 2.8 మిల్లీమీటర్లే, నిష్పత్తి 0.97. అదే బ్లాక్, అదే ధమని. గౌల్డ్ చూపిన విషయం ఈ రెండు అంకెల తేడాలో కనిపిస్తుంది.

ఇప్పుడు ఇరుకు వ్యాసాన్ని 1.5 బదులు 1.35 మి.మీ. అని కొలిచామనుకుందాం. మిగతావేవీ మార్చకుండా మొదటి పద్ధతిలోనే లెక్కిస్తే నష్టం 20.8 మిల్లీమీటర్లకు ఎగబాకుతుంది, నిష్పత్తి 0.77కు పడిపోతుంది. నిజమైన గుండెలో ఇరుకు పెరిగేకొద్దీ ప్రవాహం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి తేడా ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు. అయినా 0.15 మి.మీ. పొరపాటు స్టెంట్ అక్కర్లేని మనిషిని స్టెంట్ కావలసిన మనిషిగా మార్చగలిగింది. గుండె సీటీలో ఒక్కో పిక్సెల్ వెడల్పు సాధారణంగా 0.3 నుంచి 0.4 మి.మీ. దాకా ఉంటుంది, అంటే అర పిక్సెల్ లేదా అంతకంటే తక్కువ పొరపాటు చాలు. ఈ ఒక్క పేరా గుర్తుంటే, మీ శ్రమలో సగాన్ని ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

ఆకారం

మొదటి మోడల్‌కు స్కాన్ అవసరం లేదు. పైన చెప్పిన గొట్టాన్నే జీమెష్‌లోనో, మరే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనో గీయండి. ఇరుకు అంచులను మెట్టులా కాకుండా నునుపుగా వాలేలా చేయండి. ఇరుకుకు ముందు కొన్ని వ్యాసాల పొడవు, తరువాత కనీసం పది వ్యాసాల పొడవు నిటారు గొట్టం ఉంచండి; లేకపోతే బ్లాక్ వెనుక తిరిగే సుడి వెళ్లి బయటి ద్వారాన్ని తాకి, సాల్వర్‌ను కుదురుగా ఉండనివ్వదు. ఈ గొట్టానికి కంప్యూటర్ జవాబు, చేతి జవాబు సరిపోలాకే నిజమైన ధమనిలోకి వెళ్లాలి.

నిజమైన ఆకారానికి తేలికైన దారి వాస్క్యులర్ మోడల్ రిపాజిటరీ. స్కాన్‌లు, వాటి నుంచి తీసిన మోడళ్లు, కొన్నింటికి సిమ్యులేషన్ ఫలితాలు కూడా అక్కడ అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని తెరిచే సిమ్‌వాస్క్యులర్ కూడా ఉచితమే. నేర్చుకునే దశలో ఇవి చాలు.

స్థానిక ఆసుపత్రి నుంచి స్కాన్ తీసుకుని పనిచేయాలన్న కోరిక సహజమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల, ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఒకే ఊళ్లో ఉండటం ఎన్ని నగరాలకు దక్కిందో ఆలోచించండి. అయితే తెలిసిన టెక్నీషియన్‌ను అడిగి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం దారి కాదు. డాక్టరు ఒకరు సహపరిశోధకులుగా ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ నైతిక కమిటీ అనుమతి ఉండాలి. స్కాన్ ఫైలు పేరు మార్చినంత మాత్రాన రోగి వివరాలు పోవు. స్కాన్‌లను భద్రపరిచే డైకామ్ ఫైలు లోపల పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు అన్నీ ఉంటాయి. వాటిని చెరిపివేసిన తరువాతే ఆ ఫైళ్లు ఆసుపత్రి దాటి బయటికి రావాలి.

స్కాన్ నాణ్యతను మీరే చూసి తిరస్కరించడం నేర్చుకోండి. గుండె వేగం నిమిషానికి 65 దాటితే ధమని అంచులు చెదిరి రెండుగా కనిపించవచ్చు. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ ఇవ్వకుండా తీసిన స్కాన్‌లో ధమనులు వాటి పూర్తి వెడల్పులో కనిపించవు. గోడల్లో కాల్షియం పేరుకున్నచోట అది స్కాన్‌లో ఉన్నదానికంటే ఉబ్బి కనిపించి లోపలి దారిని కబళిస్తుంది. అక్కడ మీరు గీసే ఇరుకు నిజం కంటే సన్నగా ఉండే ప్రమాదం ఎక్కువ. త్రీడీ స్లైసర్‌లోనో సిమ్‌వాస్క్యులర్‌లోనో ధమని మధ్యరేఖ గీసి, దానికి అడ్డంగా ప్రతి అర మిల్లీమీటరుకూ ఒక కోత తీసి, అంచును చేత్తో సరిదిద్దండి. తరువాత ఉపరితలాన్ని నునుపు చేసేటప్పుడు జాగ్రత్త: నునుపు చేసే సాధనాలు చాలావరకు సన్నని చోట్ల వెడల్పును మార్చేస్తాయి. నునుపు చేయకముందు, చేసిన తరువాత ఇరుకు వ్యాసాన్ని కొలిచి రెండు అంకెలనూ నోట్‌బుక్‌లో రాసుకోండి.

మెష్

లెక్క కోసం ఆకారాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టినదే మెష్. ఇరుకు అడ్డంగా కనీసం 15 నుంచి 20 గడులు పడాలి, 1.5 మి.మీ. ఇరుకుకు గడి 0.08 నుంచి 0.1 మి.మీ. ఉంటుంది. గోడను అంటిపెట్టుకుని నాలుగైదు పలుచని పొరలు వేయండి. ఒక శాఖకు పది లక్షల గడుల చుట్టుపక్కల వస్తుంది, 16 జీబీ మెమరీ దానికి సరిపోతుంది. తరువాత అదే పనిని ముతక, మధ్యరకం, సన్న మెష్‌లతో మూడుసార్లు చేసి, చివరి రెండింటి మధ్య పీడన నష్టం ఒకటి రెండు శాతానికి మించి మారకుండా చూసుకోండి.

చివరల్లో పెట్టే షరతులు

ఒకే గొట్టం ఉన్నంతవరకు ఇది తేలిక. లోపలికి సెకనుకు 3 మి.లీ. ప్రవాహం, బయటి ద్వారం వద్ద సున్నా పీడనం పెడితే చాలు. సంకోచం లేని ద్రవంలో పీడనాల తేడాకే విలువ ఉంటుంది కనుక వచ్చిన తేడాను 90 నుంచి తీసివేసుకోవచ్చు.

శాఖలు వచ్చాయంటే ఈ వెసులుబాటు పోతుంది. అన్ని ద్వారాల వద్దా సున్నా పీడనం పెట్టడం నేను చూసిన ప్రాజెక్టు రిపోర్టుల్లో అతి తరచుగా కనిపించిన తప్పు. విశాఖకు నీళ్లిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయం నుంచి ఏ వీధికి నీళ్లు ఎన్ని వెళ్తాయో నిర్ణయించేది పెద్ద గొట్టం ఒక్కటే కాదు, వీధి చివర ఇళ్లలో ఎన్ని కుళాయిలు ఎంత తెరిచి ఉన్నాయన్నది కూడా. గుండెలోనూ అంతే. స్కాన్‌లో కనిపించే ధమనుల నిరోధం స్వల్పం. అసలు నిరోధం కంటికి కనిపించని సూక్ష్మనాళాలలో ఉంది. ఆ నిరోధాన్ని ప్రతి ద్వారం వద్దా అంకెగా పెట్టకపోతే, మీరు స్కాన్‌ను ఎక్కడ కత్తిరించారన్నదే ప్రవాహాన్ని పంచుతుంది.

ఆ అంకెను ఇలా తేల్చవచ్చు. విశ్రాంతిలో గుండె ధమనులన్నిటి గుండా నిమిషానికి సుమారు 250 మి.లీ. రక్తం పారుతుంది, అంటే సెకనుకు 4.2 మి.లీ. సగటు పీడనం 93 అనుకుంటే మొత్తం నిరోధం సెకనుకు ఒక మిల్లీలీటరు ప్రవాహానికి దాదాపు 22 పాదరస మిల్లీమీటర్లు. గుండె కండరం బరువు తెలిస్తే ఆ 250ని ఆ వ్యక్తికి తగినట్టు మార్చుకోవాలి. దీన్ని శాఖల మధ్య వ్యాసాన్ని బట్టి పంచుతారు. సెసిల్ మరే 1926లో ప్రవాహం వ్యాసపు ఘనానికి అనుపాతంలో ఉంటుందని ప్రతిపాదించాడు. గుండె ధమనులకు ఘాతం 3 కంటే 2.6 దగ్గరగా సరిపోతుందని తరువాతి కొలతలు సూచించాయి. 2.5, 2 మి.మీ. వ్యాసాలున్న రెండు శాఖలకు 2.6 ఘాతంతో ప్రవాహం 64, 36 శాతాలుగా పంచబడుతుంది. నిరోధాలు అందుకు విలోమంగా ఉంటాయి. వ్యాసాలను ఆరోగ్యంగా ఉన్న చోటే కొలవాలి. బ్లాక్ వెంటనే దిగువన కొలిస్తే వ్యాధినే షరతుగా రాసినట్టవుతుంది. చివరిగా, అడినోసిన్ ప్రభావానికి గుర్తుగా ఈ నిరోధాలన్నిటినీ దాదాపు నాలుగో వంతుకు తగ్గిస్తారు. సూక్ష్మనాళాలే పాడైన మధుమేహ రోగిలో అవి అంతగా వదులు కాకపోవచ్చు. ఈ పద్ధతికున్న పెద్ద బలహీనత అక్కడే ఉందని నా అభిప్రాయం.

సాల్వర్, యూనిట్లు

ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో స్థిర ప్రవాహానికి సింపుల్‌ఫోమ్ అనే సాల్వర్ సరిపోతుంది. విశాఖ ఇంజనీర్లకు ఇక్కడ ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. నౌకల చుట్టూ నీటి ప్రవాహాన్ని పరీక్షించే నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ, షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. ఇక్కడ ద్రవయాంత్రికం నేర్చినవారి చేయి అలవాటుగా టర్బులెన్స్ (కల్లోల ప్రవాహపు) మోడల్ మీదికి పోతుంది. ప్రవాహం కల్లోలంగా మారే అవకాశాన్ని సూచించే రేనాల్డ్స్ సంఖ్య ఓడ చుట్టూ కోట్లలో ఉంటుంది. మన ధమనిలో విశ్రాంతిలో అది 130, గరిష్ఠ ప్రవాహంలో 390, ఇరుకులో కూడా 770 మాత్రమే. లామినార్, అంటే కల్లోలం లేని ప్రవాహం, అనే పెట్టండి. ఇరుకు దాటిన ధార ఊగడం వల్ల స్థిర లెక్క కుదరకపోతే, కాలంతో మారే సాల్వర్‌కు మారి సగటు తీయండి.

రక్తం నీటిలాంటి ద్రవం కాదు కదా, స్నిగ్ధత మారుతూ ఉండే కారో మోడల్ పెట్టవద్దా అని ఎవరైనా అడుగుతారు. మన గొట్టపు గోడ వద్ద విశ్రాంతిలోనే కోత రేటు (షియర్ రేట్), అంటే రక్తపు పొరలు ఒకదానిమీద ఒకటి జారే రేటు, సెకనుకు 377 వస్తుంది. రక్తం చిక్కదనం చెప్పుకోదగినంత మారేది 100 కంటే తక్కువ రేట్ల వద్ద. పీడన నిష్పత్తికి స్థిరమైన స్నిగ్ధత చాలు.

యూనిట్ల దగ్గర నేనే ఒక వారం పోగొట్టుకున్నాను. త్రీడీ స్లైసర్ ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైలు మిల్లీమీటర్లలో ఉంటుంది, ఓపెన్‌ఫోమ్ దాన్ని మీటర్లుగా చదువుతుంది, 0.001తో కుదించకపోతే మీ ఎల్ఏడీ 3 మీటర్ల వ్యాసమున్న సొరంగమవుతుంది. సాల్వర్ ఏ తప్పూ చూపకుండా చక్కగా ముగించి, పీడన నష్టం దాదాపు సున్నా అని చెబుతుంది. ఇంకొకటి, ఈ సాల్వర్ ఇచ్చే పీడనం సాంద్రతతో భాగించినది. దాన్ని 1060తో గుణిస్తే పాస్కళ్లు, ఆపైన 133.3తో భాగిస్తే పాదరస మిల్లీమీటర్లు. గోడ మీది ఒరిపిడికీ, అంటే వాల్ షియర్ స్ట్రెస్‌కూ, ఈ గుణకారం వర్తిస్తుంది. స్నిగ్ధతను కూడా సాంద్రతతో భాగించి 0.0000033గా ఇవ్వాలి. సిమ్‌వాస్క్యులర్‌లో సాధారణంగా సెంటీమీటర్-గ్రామ్-సెకను పద్ధతి వాడతారు; అక్కడ సాంద్రత 1.06, స్నిగ్ధత 0.035 అని కనిపిస్తే కంగారు పడవద్దు.

మధ్యమధ్య ఫలితాలను డిస్క్‌లో భద్రపరిచే విరామాన్ని చిన్నగా ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు మనది; అంత ఉపద్రవం రానక్కర్లేదు, మామూలు ఈదురుగాలికి పోయిన కరెంటుతో నా ముప్పై గంటల లెక్క ఒకసారి సున్నాకు వచ్చింది.

ఫలితాన్ని ఎలా చదవాలి

ఫలితాలను బొమ్మగా చూపే పారావ్యూలో రంగులు వేయకముందు మూడు అంకెలు చూడండి. లోపలికి వచ్చిన ప్రవాహం, బయటికి పోయిన మొత్తం ప్రవాహం సమానమా? ఇరుకులో సగటు వేగం చేతిలెక్కలోని 1.70కి దగ్గరగా ఉందా? ఆరోగ్యంగా ఉన్న నిటారు భాగంలో విశ్రాంతి ప్రవాహానికి గోడ ఒరిపిడి 1.3 పాస్కళ్ల దరిదాపుల్లో ఉందా? మూడోది ప్రవాహం పూర్తిగా కుదురుకున్న చోటే సరిపోతుంది, 3 మి.మీ. గొట్టంలో అది కుదురుకోవడానికి 23 మి.మీ. దాకా పట్టవచ్చు. ఒరిపిడి 0.4 పాస్కళ్ల కంటే తక్కువున్న చోట్ల కొవ్వు పేరుకునే స్వభావం ఎక్కువని, 1.5 పైన గోడకు రక్షణ ఉంటుందని సాహిత్యంలో చెబుతారు. ఒరిపిడి విలువలు మెష్ మీద చాలా ఆధారపడతాయి కనుక, మొదటి ప్రాజెక్టులో వాటి మీద పెద్ద తీర్మానాలు కట్టకండి.

ఇవన్నీ సరిపోయాక, కావాలనుకుంటే గుండె చప్పుడుతో మారే ప్రవాహానికి వెళ్లవచ్చు. అక్కడ కొత్తగా వచ్చే అంశం గుండె కండరపు పిండుడు. గుండె ముడుచుకున్నప్పుడు కండరం తనలోని నాళాలను నొక్కేస్తుంది కాబట్టి ఎడమ ధమనిలో రక్తం ఎక్కువభాగం గుండె వదులైనప్పుడే పారుతుంది. ఎడమ జఠరిక పీడనాన్ని ద్వారం వద్ద వెనుక ఒత్తిడిగా ఇచ్చే సర్క్యూట్ మోడల్ దీన్ని చూపగలదు. మీ గ్రాఫ్‌లో ఎడమ ధమని ప్రవాహం గుండె ముడుచుకునే దశలోనే శిఖరానికి చేరితే ఆ ఒత్తిడిని మరిచిపోయారని అర్థం. కనీసం మూడు నాలుగు చప్పుళ్లు నడిపి, చివరిదాన్ని మాత్రమే వాడండి.

రిపోర్టులో ఒకే ఒక్క నిష్పత్తిని రాయవద్దు. ఇరుకు వ్యాసాన్ని అర పిక్సెల్ పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి, నిరోధాలను కొద్దిగా మార్చి ఒకసారి నడిపి, వచ్చిన శ్రేణి మొత్తాన్ని రాయండి. 0.86 అని రాయడం కంటే 0.77 నుంచి 0.91 మధ్య అని రాయడానికి ధైర్యం కావాలి, వైవాలో ప్రశ్నలూ ఎక్కువే పడతాయి. అయినా డాక్టరుకు పనికివచ్చేది రెండోదే.

ఈ పని చేస్తున్నారని తెలిశాక ఇంటి పక్కవారో, బంధువులో ఏదో ఒకరోజు వస్తారు. "బాబూ, మీ మావయ్యగారి సీటీ సీడీ ఇదిగో, నీ కంప్యూటర్లో పెట్టి స్టెంట్ అవసరమో కాదో చెప్పు" అంటారు. ఆ సీడీని తెరవకుండానే తిరిగి ఇచ్చి, స్కాన్ రాసిచ్చిన గుండె డాక్టరు దగ్గరికే వారిని పంపండి.